ఏడో నంబర్ గదిలో తడి

షట్టర్ నడుము ఎత్తుకు లేచిందో లేదో, పద్మలతకు తన రెండు బీముల పడుగూ నల్లగా కుళ్ళిపోయి కనిపించింది.

వంగి లోపలికి దూరింది. పులిసిన గంజి వాసన ముక్కుకు కొట్టింది. ఏప్రిల్ మొదట్లో ఇదే గదిలో పెట్టినప్పుడు ఆ పడుగు కడిగిన బియ్యంలా తెల్లగా ఉంది. రెండు వేల పైచిలుకు నూలు పోగులు, గంజి పట్టించుకుని, ఇనుప బీము చుట్టూ బిగువుగా చుట్టుకుని, మరమగ్గం మీదికి ఎక్కడమే తరువాయి అన్నట్టు ఉండేవి. ఇప్పుడు వాటి మీద ఆకుపచ్చ, నలుపు మచ్చలు అరచేతుల వెడల్పున పాకి ఉన్నాయి. వేలితో ఒక పోగు లాగింది. అది తెగిన చప్పుడు కూడా చేయలేదు, తడిసిన కాగితంలా విడిపోయింది.

"వదినె, ఏమైంది? బండి వెనకకు తీసుకురావాల్నా?" బయట ట్రాలీ ఆటోలోంచి కొండల్ అడిగాడు. పద్మలత భర్తకు తమ్ముడు. సామాను లక్సెట్టిపేటకు చేరవేయడానికి వచ్చాడు.

"బండి బందువెట్టు. ఏం ముట్టకు."

ఆమె ఫోన్ తీసి ఫొటోలు కొట్టడం మొదలుపెట్టింది. బీములు, గోడ, నేల, మూటలు, మంచం, బొంతలు, షట్టర్ పక్కన నిలబెట్టిన కూలర్. ఫొటోలు పనికొస్తాయని ఆమెకు అప్పుడే అనిపించింది.

మెట్‌పల్లిలో పద్మలత రెండు సాంచాలు నడిపేది. మరమగ్గాన్ని అక్కడ సాంచా అనే అంటారు. భర్త పరశురాములు మస్కట్ పోయాక ఆమే నడిపింది. షెడ్డు యజమాని ఫంక్షన్ హాల్ కడతానని ఖాళీ చేయించాడు. లక్సెట్టిపేటలో తల్లిగారి ఇంటి వెనక కొత్త షెడ్డు లేస్తోంది. సాంచాలు ముందే అక్కడికి పోయి నేలకు బిగుసుకున్నాయి. సిమెంటు దుమ్ములో గంజి పడుగు పెట్టలేక, రెండు నెలల కోసం ఓంప్రకాశ్ గోదాంలో ఏడో నంబర్ గది కిరాయికి తీసుకుంది. పాత రైస్‌మిల్లును పది గదులుగా కోసి, ఒక్కో గదికి ఒక్కో షట్టర్ పెట్టిన గోదాం అది.

బీములు ఆమెవి కావు. అసలు భయం అక్కడే ఉంది. అవి సిరిసిల్ల ఆసామి లక్ష్మీరాజంవి. ఆసామి నూలు ఇస్తాడు, నేతవాళ్ళు లంగాల బట్ట నేసి ఇస్తారు. నూలు పాడైతే పాడుచేసినవాళ్ళే కట్టుకోవాలి. కట్టుకోలేకపోతే సాంచాలు పోతాయి.

ఓంప్రకాశ్ తీరిగ్గా వచ్చాడు. భుజం మీది తువ్వాల ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"ఏంది పద్మలత, పొద్దుగాల్నే లొల్లి?"

"నేనేం లొల్లి వెట్టలే సేటు. నువ్వే లోపలికొచ్చి చూడు."

చూశాడు. గోడ తట్టాడు, పైకప్పు చూశాడు. గది తనది కానట్టు చూశాడు.

"వాన పడ్డదా? ఉగాది నుంచి మెట్‌పల్లిల ఒక్క సుక్క పడ్డదా, నువ్వే చెప్పు."

"పడలే."

"మీద స్లాబు. గోడల నల్లా పైపు లేదు. ఇగ నీళ్లు ఎక్కడికెల్లొస్తయి? నువ్వే తడి నూలు తెచ్చి పెట్టినవ్."

"తడి నూలు రెండొద్దులల్ల ఆరిపోతది సేటు. గీ ఎండలకు బావులే ఆరిపోయినయి."

"మరి నా గది ఏడ్చిందంటవా?"

మే నెలలో ఇదే మనిషి రెండుసార్లు ఫోన్ చేసి, గది తొందరగా ఖాళీ చేయమన్నాడు. సిమెంటు డీలర్ ఒకడు వరుస మొత్తం అడుగుతున్నాడని, ఆమె ఒక్కతే అడ్డం ఉందని అన్నాడు. ఆ మాట పద్మలతకు ఇప్పుడు వేరేగా వినిపించింది.

"గీ గది ఎవలన్న తెరిచిండ్రా?" ఆమె ఓంప్రకాశ్‌ను చూస్తూనే అడిగింది.

"తాళమేసుకున్నది నువ్వు, చెవులు నీ దగ్గర. నన్నడుగుతవేంది? ఏయ్ దశరథం, ఇటు రా."

వాచ్‌మన్ దశరథం గేటు దగ్గర నుంచి వచ్చి షట్టర్ బయటే ఆగాడు. అరవై ఐదు దాటిన మనిషి. లోపలికి తొంగి చూడలేదు, నేల వంక చూశాడు. అదే మాట ఈసారి ఓంప్రకాశ్ అడిగాడు.

"గీ గది ఎవలన్న తెరిచిండ్రా?"

"మరిది వచ్చిండు గదా సేటు," దశరథం నెమ్మదిగా అన్నాడు. "మే నెలల. కూలర్ తీస్కపోయిండు. మళ్ళ తెచ్చి పెట్టిండు."

పద్మలత వెనక్కి తిరిగింది. కొండల్ అంతవరకు వదులుగా వేలాడుతున్న ఆటో తాడును ఎంతో శ్రద్ధగా బిగిస్తున్నాడు.

ఓంప్రకాశ్ తువ్వాల ముక్కు మీంచి తీశాడు. "కూలరంటే నీళ్లే గదా," అన్నాడు. "ఇంటి దొంగను ఇంట్ల దేవులాడు పద్మలత. నా గోడలను అనకు."

*

సాయంత్రం గదికి తాళం వేసి గోదాం గేటు దాకా వచ్చేసరికి లక్ష్మీరాజం ఫోన్ వచ్చింది. ఎవరు చెప్పారో తెలియదు. మెట్‌పల్లి నుంచి సిరిసిల్లకు మాట బస్సు కన్నా ముందే పోతుంది.

"చెల్లె, నేను చెడ్డోన్ని గాను. కానీ నాకూ పైన ఒక సేటు ఉన్నడు. బీములకు బదులు బీములియ్యి. పదిహేనో తారీఖు దాక చూస్త."

"దాటితే సాంచాలు పోతయా?"

"సాంచాలు ఎత్తుకపోత. తర్వాత నన్ను తిట్టుకో, నేనేమనుకోను."

ఆ రోజు జూన్ నాలుగు. చేతిలో పదకొండు రోజులున్నాయి.

మరునాడు పద్మలత కరీంనగర్ బస్సెక్కింది. కోర్టు ఎదురుగా మేడ మీద మమతారాణి అనే వకీలు ఉందని ఎవరో చెప్పారు. మమతారాణి ఫొటోలన్నీ చూసి, కిరాయి కాగితం రెండుసార్లు చదివింది. ఐదో షరతు మీద పెన్సిల్‌తో గీత గీసింది.

"ఇది చదువుకున్నవా?"

"సంతకం పెట్టేటప్పుడు ఎవలు చదువుతరు మేడం."

"విను. గది లోపం వల్లగానీ, గోదాం మనుషుల వల్లగానీ సరుకు పాడైతే ఓనర్ నష్టపరిహారం కట్టాలె. సరుకు పెట్టినవాళ్ళ మనుషుల వల్ల పాడైతే ఆయనకు సంబంధం లేదు. అంటే బూజు ఎంత పట్టిందన్నది ఎవరూ అడుగరు. నీళ్లు ఎవరు తెచ్చిండ్రన్నదే అడుగుతరు."

"వినియోగదారుల కమిషన్‌ల కేసు వేస్తే?"

"వేయొచ్చు. నెలలు పడుతది. నీకు పది దినాలే ఉన్నయి. ఓనర్‌తో రాజీ అయితేనే నీ సాంచాలు మిగులుతయి. రాజీకి రావాలంటే ఆయన తప్పించుకునే దారి ఉండొద్దు." పెన్సిల్ కింద పెట్టింది. "మీ మరిది మంచోడేనా?"

పద్మలత ఫోన్‌లో కూలర్ ఫొటో మళ్ళీ తీసి చూసింది.

"నోటీసు ఈ రోజే పంపిస్త," అంది మమతారాణి. "గది తాళమేసి అట్లనే ఉంచు. బూజు తుడవకు, నేల ఊడ్వకు. జగిత్యాలల నాకు పదమూడున వేరే కేసుంది. అటునుంచి మెట్‌పల్లి వచ్చి నేనే చూస్త. ఆలోపు ఆ కూలర్ సంగతి తేల్చుకో. నాకు అబద్ధం చెప్పినా సరే, నీకు నువ్వు చెప్పుకోకు."

*

కొండల్‌ను మెట్‌పల్లి బస్టాండు బయట చాయ్ హోటల్ దగ్గర పట్టుకుంది.

"కూలర్ తీస్కపోయినవా లేదా?"

"తీస్కపోయిన వదినె. మా దోస్తు చెల్లెకు ఒడిబియ్యం పోసిండ్రు. ఎండకు మనుషులు సచ్చిపోతున్నరు. ఒక్క పూటకు ఇచ్చిన."

"ఒక్క పూటనా?"

కొండల్ చాయ్ ఊదుకున్నాడు. "పది దినాలు."

"పది దినాలు ఒడిబియ్యం పోసిండ్రా? ఎన్ని బస్తాలు?"

పక్క బల్ల మీది మనిషి నవ్వు ఆపుకోలేకపోయాడు. కొండల్ తల దించుకున్నాడు.

"టెంటాయనకు కిరాయికి ఇచ్చిన. నీకు చెప్తే వద్దంటవని చెప్పలే. తప్పయింది."

"నీళ్లతోనే తెచ్చి పెట్టినవా?"

"పారబోసిన. అన్న మీద ఒట్టు."

"అన్న మస్కట్‌ల ఉన్నడని ఒట్లు సస్తగ పెడుతున్నవ్. ఎన్నిసార్లు తెరిచినవ్ షట్టర్?"

"రెండుసార్లు. తీసినప్పుడొకసారి, పెట్టినప్పుడొకసారి. తెచ్చిననాడు షట్టర్ పక్కకే పెట్టి వచ్చేసిన. లోపల చీకటి. నీ బీములెట్లున్నయో చూడను గూడ చూడలే."

ఒక పూట పది దినాలైన మనిషి, ఇంకేం దాస్తున్నాడో. పద్మలత చాయ్ ముట్టకుండానే లేచింది. ఆ రాత్రి పరశురాములు ఫోన్‌లో ఒకే మాట అన్నాడు. "తమ్ముడే చేసిండని కాయితం మీద రాయకు." సాంచాల గురించి అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు.

*

తొమ్మిదో తారీఖు మిట్టమధ్యాహ్నం ఆమె ఒక్కతే ఏడో నంబర్ షట్టర్ ఎత్తింది.

మొదట కూలర్ దగ్గర కూర్చుంది. వెనక తడక ఊడదీసి, లోపలి గడ్డి చేత్తో పట్టుకుంది. కరకరలాడింది. అడుగున రేకు తొట్టిలో దుమ్ము, ఎండిన బొద్దింక. నీళ్లు ఒలికి ఉంటే ముందుగా కుళ్ళవలసింది ఆ గడ్డి. కూలర్ పక్కనున్న మంచం పట్టె మీద బూజు ఒట్టి దుమ్ములా పలుచగా ఉంది. లోపలికి పోతున్నకొద్దీ చిక్కబడింది. బొంతల మూట సగం నల్లబడింది. అన్నిటికన్నా లోపల, వెనక గోడకు ఆనించిన బీముల దగ్గర బూజు గుడ్డలా పేరుకుంది.

తడి షట్టర్ దగ్గర పుట్టి లోపలికి పోలేదు. బీముల దగ్గర పుట్టి బయటికి వచ్చింది.

ఫోన్ లైటు వేసి నేల మీద మోకాళ్ళూనింది. బండల మీది దుమ్ములో ఎండిన చుక్కలున్నాయి. ఒకే చోట పోసిన మడుగు కాదు. విసనకర్ర విప్పినట్టు, ఒక వైపు నుంచి మరో వైపుకు పలుచబడిన చుక్కలు. ఒక దాని మీద ఒకటి, ఎన్నో రోజులవి. అవన్నీ బీముల కిందే ఉన్నాయి. బొంతల వైపు ఒక్కటి లేదు.

గోడ చూసింది. రెండు బీములకు అటూ ఇటూ నాలుగు పాత మేకులు. ప్రతి మేకుకు గోనె పీచు చిక్కుకుని ఉంది. ఆమె ఈ గదిలో గోనెసంచి అనేదే పెట్టలేదు.

పద్మలత ఆ పీచును వేళ్ళతో నలిపి చూసింది.

సరుకు పాడు చేయాలనుకున్నవాడు బకెట్ ఎత్తి మీద కుమ్మరిస్తాడు. ఇక్కడ వచ్చినవాడు పడుగు మీద ఒక్క చుక్క పడకుండా, కింద నేల మీద మాత్రం చేత్తో నీళ్లు చల్లాడు. తడి గోనెలు పక్కన వేలాడదీశాడు. ఎండాకాలం ఆమె తన షెడ్డులో రోజూ చేసే పని ఇదే. గాలి పొడిబారితే పోగులు పటపట తెగుతాయి. సాంచా కింద నేల తడిపి పెడితే పోగు మెత్తగా ఉంటుంది. సాంచా నడిపిన ప్రతి ఇంట్లో తెలిసిన సంగతి. నడపనివాడికి కలలో కూడా తట్టదు.

వచ్చింది సాంచా తెలిసినవాడు.

ఆ ఆలోచన వెనకే ఇంకోటి వచ్చింది. కొండల్ పుట్టింది సాంచాల ఇంట్లోనే. పదో తరగతి దాకా అన్న పక్కన నిలబడి కండెలకు నూలు చుట్టాడు. తాళంచెవులు రెండు. ఒకటి తన కొంగున ఉంది. రెండోది కొండల్ దగ్గర.

షట్టర్ దించి బయటికి వచ్చేసరికి దశరథం గేటు పక్క తన గది ముందు నిలబడి చూస్తున్నాడు.

"ఏమన్న దొరికిందా బిడ్డా?"

"ఏం దొరకాలె తాత?"

ఆయన చీపురు తీసుకుని అటువైపు పోయాడు. అప్పటికే ఊడ్చి ఉన్న చోట మళ్ళీ ఊడ్చాడు.

*

పదకొండున లక్సెట్టిపేటలో కొత్త షెడ్డుకు తలుపు బిగించారు. తాళం కోసం ఇనుప సామాన్ల దుకాణానికి పోయింది. గోదాంలో వాడిన రకమే అడిగింది, చేతికి అలవాటైందని. దుకాణదారు డబ్బా విప్పి తాళం బల్ల మీద పెట్టాడు. పక్కన తాళంచెవులు పరిచాడు.

"ఇవి మూడున్నయేంది?"

"ఈ రకానికి మూడే వస్తయక్కా. ఎప్పటికెల్లి మూడే."

పద్మలత కిరాయి కాగితం బయటికి తీసింది. 'గోదాం తరఫున తాళం ఒకటి, తాళంచెవులు రెండు ఇవ్వడమైనది.' తాళం గోదాందే. దుకాణంలోంచే ఓంప్రకాశ్‌కు ఫోన్ చేసింది.

"సేటు, మూడో చెవి ఎక్కడున్నది?"

అటువైపు ఫ్యాను కట్టేసిన చప్పుడు వినిపించింది.

"ఏం చెవి?"

"నా తాళానికి మూడు చెవులు. నాకు రెండే ఇచ్చినవ్. కాగితం మీద గూడ రెండే రాసినవ్. మూడోది మింగినవా?"

"అది... ఏమన్న నిప్పంటుకుంటే తెరువనీకె ఆఫీసుల మేకుకు ఉంటది. అన్ని గదులవి ఉంటయి. అందరు గోదాంలోళ్ళు పెట్టుకునేదే."

"మొన్న చెవులన్ని నా దగ్గరున్నయంటివి."

"ఏయ్, నేను నీ గదిల చొచ్చి నీళ్లు చల్లినంటవా? నాకేం పనిలేదా? పడుగంటే అడ్డమో నిలువో గూడ నాకెరుకలేదు."

ఆ మాట మాత్రం ఆమె నమ్మింది. ఇంకో మాట కూడా వింది. ఆమె ఇంతవరకు ఎవరితోనూ 'చల్లడం' అనలేదు. అయితే ఓంప్రకాశ్ నోట అది ఊరికే వచ్చిందో, ఏదైనా చూసి ఉన్నాడో ఆమె తేల్చుకోలేకపోయింది.

"సేటు, ఆఫీసుల నువ్వు లేనప్పుడు ఎవలుంటరు?"

"నేను అన్నానికి పోతే తలుపు దగ్గరకేసి పోత. మధ్యాహ్నం గోదాంల ఎవలు ఉండరు. వస్తే గిస్తే మీ మరిది ఆటోనే ఉంటది, ఎప్పుడు చూసినా ఇక్కడే కిరాయిల కోసం." గొంతు మళ్ళీ గట్టిపడింది. "పదమూడున వకీలమ్మను తోల్కరా. నీ మరిదిని గూడ తోల్కరా. ముఖం మీదనే తేల్చుకుందాం."

*

పదమూడున మమతారాణి రాకముందే పద్మలత గదికి చేరింది. లక్సెట్టిపేట నుంచి మంచి నూలు ఒక కోను తెచ్చింది. కుళ్ళిన బీముల ముందు, ఒక పక్క గోడ నుంచి రెండో పక్క గోడ దాకా నడుము ఎత్తున పది పోగులు బిగువుగా లాగి కట్టింది. నడిమి పోగు ఒకటి తెంపింది. రెండు కొసలూ గాలిలో వేలాడాయి. ఆ పోగులను దాటకుండా ఎవరూ బీముల దగ్గరికి రాలేరు.

"ఇదేంది?" మమతారాణి అడిగింది.

"మంచి నూలుకు, పాడైనదానికి ఫరక్ చూపెట్టనీకె మేడం," అంది పద్మలత. అంతకుమించి చెప్పలేదు.

ఓంప్రకాశ్ ముందుగా వచ్చాడు. వస్తూనే కూలర్ వైపు వేలు చూపాడు. పద్మలత తడక ఊడదీసి గడ్డి చేతిలో పెట్టింది. ఆయన దాన్ని నలిపి చూసి కింద పడేశాడు. బీముల వైపు నడుస్తూ వేలాడుతున్న కొసను సాలెగూడులా చేత్తో పక్కకు తోశాడు. వేలికి చుట్టుకుంటే విదిలించుకున్నాడు. ఆ చేయి సాంచా ముట్టిన చేయి కాదు.

"మరిది ఎక్కడ?"

"ఇక్కడనే ఉన్న సేటు," కొండల్ లోపలికి వచ్చాడు. వదినె మొహం చూడలేదు. తెగిన పోగు దగ్గర ఆగాడు. రెండు కొసలూ పట్టుకున్నాడు, దగ్గరికి లాగి లడ్డంత ముడి వేశాడు. ముడి నిలవలేదు, జారింది. మళ్ళీ వేశాడు. మళ్ళీ జారింది.

"గింత దొడ్డు ముడి సాంచా అచ్చు పండ్ల నడుమ దూరుతదా?" పద్మలత అడిగింది.

"వదినె, పదేండ్లాయె ముట్టక. నేను కండెలు చుట్టిన గని పోగు ఎన్నడన్న అతికిననా? అన్న ముట్టనిచ్చెటోడా? ఇప్పుడేంది, ముడి రాలేదని గూడ నా మీదనే కేసా?"

పద్మలత కొసలను మళ్ళీ అలాగే వేలాడనిచ్చింది. లోపల ఏదో బరువు కొంచెం తగ్గినట్టయింది. పూర్తిగా దిగలేదు.

"మేడం, నేల సరిగ కనబడతలేదు," అంది గొంతు పెంచి. "దశరథం తాతా, జర ఆ టార్చి పట్టుకుని లోపలికొస్తవా? గా మూలకు వెలుతురు కొట్టాలె."

షట్టర్ బయట నీడ కదిలింది. కాసేపు లోపలికి రాలేదు.

"రావేందిరా," ఓంప్రకాశ్ కసిరాడు.

దశరథం వచ్చాడు. టార్చి కుడిచేతిలో ఉంది. పోగుల దగ్గర ఆగి వంగబోయాడు. ఎడమచేతికి వేలాడే కొస తగిలింది. టార్చి చంకలోకి పోయింది. ఆయన కళ్ళు ఇంకా మూల వైపే ఉన్నాయి. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకున్నాయి. రెండు కొసలు బొటనవేలి మీద ఒకదాని మీద ఒకటి పడ్డాయి, ఒక మెలిక తిరిగింది, బిగిసింది. మిగిలిన కొసలు పళ్ళతో కొరికాడు. పోగును గోటితో ఒకసారి మీటి బిగువు చూశాడు. ముడి ఎక్కడుందో కంటికి కనిపించలేదు. చూస్తున్నవాళ్ళు ఊపిరి తీసి వదిలే లోపల అంతా అయిపోయింది.

అప్పుడు ఆయన తన చేతుల వంక చూసుకున్నాడు.

"ఎన్నేండ్లు నడిపినవ్ తాత?" పద్మలత అడిగింది.

మమతారాణి కాగితాల అట్ట మీద పెన్ను విప్పింది. దశరథం టార్చి ఆర్పి బీము మీద పెట్టాడు. జేబులోంచి గేటు తాళంచెవుల గుత్తి తీసి దాని పక్కన పెట్టాడు.

"ముప్పై ఏడేండ్లు," అన్నాడు. "ఇరవై రెండు భీవండిల, మిగిలినయి సిరిసిల్లల. నన్నెవలడిగిండ్రు బిడ్డా. సేటు గేటు కాస్తవా అన్నడు, కాస్త అన్న. గంతే. నువ్వు బీములు దింపిననాడు చూసిన. నిఖార్సైన పడుగు. కండ్లు తిప్పబుద్ధి కాలే. మే నెలల గది పొయ్యి లెక్క కాగుతుండె. గిట్ల ఎండితే సాంచా మీదికెక్కినంక గడియకో పోగు తెగుతది, పిల్ల పరేషాన్ అయితదనుకున్న. సేటు అన్నానికి పోయినంక మేకు మీది చెవి తీసిన. గోదాం నల్లాకాడ బకెట్ నింపుకున్న. పడుగు మీద సుక్క పడనియ్యలే, ఒట్టు. నేల మీదనే చల్లిన. గోనెపట్టాలు తడిపి మేకులకు ఏలాడదీసిన. రోజుకు రెండు బకెట్లు. మేం షెడ్లల్ల గట్లనే చేస్తుంటిమి. కానీ షెడ్ల సాంచాలు తిరుగుతయి, తలుపులు బార్లా తీసుంటయి, తడి ఎప్పటిదప్పుడు పోతది. గిది మూసిన గది. నీళ్లు చల్లి నేనే షట్టర్ దించుతున్న. గా సంగతి నా బుర్రకెక్కలే. ముప్పై ఏడేండ్ల బుర్ర ఇది.

"ఒకనాడు తెల్లగ సుక్కలు కనబడ్డయి. గంజి పైకి తేలిందనుకున్న. తడి బట్టతోని తుడిచిన. నాలుగొద్దులకు నల్లగయింది. అప్పుడెరుకయింది. పట్టాలు పీకేసి షట్టర్ దించిన, మళ్ళ తెరవలే. తెరిచి గాలి తగలనిచ్చినా సగం పడుగు దక్కుతుండె. నీకు ఫోన్ చేసి చెప్పినా దక్కుతుండె. బయపడ్డ. నాకు ఇల్లు లేదు, గేటు పక్క గదే ఇల్లు. కొండల్ పేరు చెప్పింది గందుకే. కూలర్ సంగతి నిజమే, నేను అబద్ధమాడలే. కానీ గా ముచ్చట ముందల పెట్టి మిగిలింది మింగిన. ఇంటి పిలగాడు, నాలుగు తిట్లతోని పోతది అనుకున్న. సాంచాలే పోతయని మొన్న గేటుకాడ నువ్వు ఫోన్‌ల అనంగ విన్న. అప్పటి సంది ఊడ్చిందే ఊడుస్తున్న. సేటు, నీళ్లు నీ నల్లావి, చెవి నీ మేకుది, నీ జీతం తినే నేను చేసిన. ఉంచుతవో తీసేస్తవో నీ ఇష్టం, పిల్లకు మాత్రం బీములియ్యి. వకీలమ్మా, రాయి, సంతకం పెడత. దశరథం, సాంచా పనోడు అని రాయి. వాచ్‌మన్ అని రాయకు. వాచ్‌మనైతే ఇంత నష్టం చెయ్యకపోయెటోన్ని."